సార్ ఓటు

ఫిబ్రవరి 3

సార్ ఈ రోజు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగారు.

రాసి చూసుకుంటే ఎంత చిన్న విషయం! జడ్జిలు అడుగుతారు. సాక్షి మాట మారుస్తాడేమో చూడ్డానికి నేనూ కావాలనే అడుగుతాను. ఇది అలాంటిది కాదు.

సాక్షి ఒక నర్సు. యుద్ధం చివరి చలికాలంలో మా దేశంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసేది. సైన్యం వచ్చి నడవగలిగిన రోగుల్ని లారీలు ఎక్కించింది. వాళ్ళు మళ్ళీ కనబడలేదు. నడవలేని వాళ్ళని వార్డులోనే వదిలి బయట తాళం వేసింది. కరెంటు లేదు, తిండి లేదు. తలుపు మళ్ళీ తీసేసరికి ఒక్కరూ బతికి లేరు. కేసంతా ముఖ్యంగా తాళం వెయ్యమని ఎవరు చెప్పారన్న దాని మీదే. మందుల గదిలో బీరువా వెనక దాక్కున్న నర్సు, సిపాయి చేతిలోని వైర్‌లెస్‌లో ఆ ఆర్డరు విన్నానంటోంది. ఆ గొంతు కమాండర్‌దంటోంది. కమాండర్ ఇప్పుడు బూడిదరంగు కోటు వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రోజూ మా ముగ్గురు జడ్జిల ఎదురుగా కూర్చుంటాడు. మధ్య కుర్చీ సార్‌ది.

"ఆ గొంతు అతనిదేనని మీకెలా తెలుసు?" అని సార్ అడిగారు.

ఆవిడ చెప్పింది. అంతకు ముందు ఏడాది కమాండర్ తొడలో తూటా దిగి అదే వార్డులో పడుకున్నాడట. కట్టు మార్చేది తనేనట. ఎండ కళ్ళల్లో పడుతోందని పొద్దున్నే కేకేసి కర్టెన్ వెయ్యమనేవాడట. ఆ కేక చచ్చేదాకా మర్చిపోలేనంది. చెబుతూ చెబుతూ వెక్కిళ్ళు పెట్టింది. విరామం ఇచ్చాం.

విరామం తర్వాత కూర్చున్నాం. సార్ కళ్ళజోడు సర్దుకుని, ముందుకు వంగి, అదే మెత్తని గొంతుతో, అవే మాటలతో అడిగారు.

"ఆ గొంతు అతనిదేనని మీకెలా తెలుసు?"

నర్సు నా వైపు చూసింది. నేనేం చేయగలను? కాగితాల్లోకి చూశాను. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి కర్టెన్ మాట రాలేదు. పక్క మంచం వాళ్ళ రేడియో కట్టెయ్యమని అరిచేవాడంది.

కమాండర్ లాయర్ పెన్ను టకటకా కదిలింది.

ఫిబ్రవరి 4

అనుకున్నంతా అయింది. లాయర్ ఆవిడని సగం రోజు నిలబెట్టాడు. కర్టెనా, రేడియోనా? నిన్న పొద్దున కర్టెన్ అన్నారు, మధ్యాహ్నానికి రేడియో ఎలా అయింది? ఆవిడ రెండూనంది. మరి రెండూ ఒకేసారి ఎందుకు చెప్పలేదన్నాడు. అడిగిన దానికి చెప్పానంది. తర్వాత గొంతు తగ్గిపోయింది. దిగి వెళ్ళేటప్పుడు మా బెంచి వైపు చూడలేదు.

నాకు కుడివైపు కూర్చునే మూడో జడ్జి బయటి దేశం వాడు. మనిషి గుమ్మంలో తల వంచాల్సినంత పొడుగు, అందుకే ఇంట్లో మేం పొడుగాయన అంటాం. ఆయన ఏదో రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

ఫిబ్రవరి 9

ఆదివారం. వాన. సార్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నా మొదటి పోస్టింగు ఒక చిన్న ఊళ్ళో. కింద టైరు పంక్చర్ల షాపు, పైన నా కోర్టు. కంప్రెసర్ ఆన్ చేస్తే సాక్షి చెప్పేది వినపడేది కాదు. సార్ అప్పుడు జిల్లా జడ్జి. చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి, కక్షిదారుల బెంచీ మీద చివర కూర్చుని రోజంతా చూశారు. నేను గుర్తుపట్టలేదు. ఫోను మోగితే బయటికి పొమ్మన్నాను కూడా. సాయంత్రం ఛాంబర్లోకి వచ్చి పేరు చెప్పేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. మనుషులు మాట్లాడుతున్నప్పుడు రాసుకుంటున్నావమ్మా, రాయడానికి గుమాస్తా ఉన్నాడు, నువ్వు చూడు అన్నారు.

ఆ తర్వాత నేను ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఆయన ఉన్నారు. జిల్లా కోర్టు, హైకోర్టు. యుద్ధంలో సైన్యానికి వ్యతిరేకంగా ఆయన ఆర్డర్లిస్తే కుర్చీలోంచి లాగేశారు. యుద్ధం అయిపోయాక ఈ ప్రత్యేక కోర్టు పెట్టారు. సొంత గడ్డ మీదైతే సాక్షులు బతకరని ఈ పరాయి నగరంలో పెట్టారు. ప్రతి బెంచీలో మా దేశం వాళ్ళు ఇద్దరు, బయటివాళ్ళు ఒకరు. సార్‌ని అడిగితే, వస్తాను, కానీ పక్కన ఫలానా అమ్మాయి కావాలన్నారట. ఆ అమ్మాయికి అప్పటికి యాభై రెండు.

పెళ్ళయ్యాక ఇంటిపేరు నాది కాదు, మీ సారుది పెట్టుకోవాల్సింది అంటాడు మా ఆయన.

మార్చి 2

సార్ మెడికల్ రిపోర్టుల ఫైలు కారులో మర్చిపోయారు. డ్రైవర్ తెచ్చిచ్చాడు. అందరం మర్చిపోతాం.

మార్చి 21

వాదనలు ముగిశాయి. ఇక మేం ముగ్గురం, ఒక గది. కిటికీలు తెరుచుకోవు. ఫోన్లు బయట బుట్టలో వెయ్యాలి. ఇక్కడ అనుకున్న మాట భార్యకీ భర్తకీ కూడా చెప్పకూడదు. ఇలా రాసుకోకూడదు కూడా. తెలుసు.

ఏప్రిల్ 4

మొదటిసారి ఓట్లు చెప్పుకున్నాం.

పొడుగాయన కమాండర్‌ని వదిలెయ్యాలంటాడు. మంచివాడని కాదు. అతనే చేయించి ఉంటాడని ఆయనకీ అనుమానమే. కానీ వైర్‌లెస్ గరగరల్లో విన్న ఒక్క గొంతు మీద, అదీ సాక్షి మాట మార్చాక, మనిషిని జీవితమంతా జైల్లో పెట్టలేనన్నాడు. నిజాయితీగానే అన్నాడు. నేను నేరం రుజువైందన్నాను. నేను ఆవిడ ముఖం చూశాను. నాకు సందేహం లేదు.

సార్ వంతు వచ్చింది. గంటసేపు మాట్లాడారు. ఒక మనిషి గొంతుని ఇంకో మనిషి ఎలా గుర్తుంచుకుంటాడు, భయంలో ఏది గుర్తుంటుంది, ఏది చెరిగిపోతుంది, చట్టం ఎక్కడ ఆగాలి. పొడుగాయన కూడా చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నాడు. చివరికి నేరం రుజువైందన్నారు.

ఇద్దరికి ఒకరు. అయిపోయింది. నా అనుమానం చూసి నాకే నవ్వొచ్చింది. ఇంటికొచ్చి చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 7, మధ్యాహ్నం 3

ఛాంబర్లో తలుపేసుకుని రాస్తున్నాను.

పొడుగాయన ఏదో పాత తీర్పు తేవడానికి లైబ్రరీకి వెళ్ళాడు. గదిలో నేనూ సారూ. ఆయన కాగితాలు తిరగేస్తూ, మామూలుగా, వాన వస్తుందా అన్నట్టుగా అడిగారు.

"ఆ నర్సుని ఎప్పుడు పిలుస్తున్నారమ్మా?"

"ఏ నర్సు సార్?"

"అదే, వైర్‌లెస్‌లో గొంతు విన్నానంటోందే. ఆవిడని చూడకుండా మనం ఎలా తేలుస్తాం?"

వేళాకోళమేమో అని ముఖం చూశాను. కాదు. కళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి. ఆ ప్రశ్న సరైనది కూడా. ఆవిడని చూడకుండా ఎలా తేలుస్తాం?

వచ్చి వెళ్ళింది సార్, ఫిబ్రవరిలో అన్నాను. ఔనౌను అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. పొడుగాయన వచ్చేదాకా తుడుస్తూనే ఉన్నారు.

ఏప్రిల్ 8

పొడుగాయన పసిగట్టాడా? లంచ్‌లో యాపిల్ గింజలతో సహా తిన్నాడు.

ఏప్రిల్ 12

సార్ ఇంటికి వెళ్ళాను. అక్క తలుపు తీసింది. సార్ భార్యని నేను మొదటి పోస్టింగు నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఆ ఊళ్ళో నాకు జ్వరమొస్తే పది రోజులు తన ఇంట్లో ఉంచుకుంది. మా అమ్మ తర్వాత నా తల దువ్వింది ఆవిడే.

సార్ బాల్కనీలో పేపరు చదువుతున్నారు. మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాను. గ్యాస్ స్టవ్ పైన గోడకి కాగితం అంటించి ఉంది. "కట్టేశావా?" బాత్రూమ్ తలుపు మీద ఇంకోటి. కుర్చీకి తగిలించిన కోటు జేబులోంచి చీటీలు కనిపిస్తున్నాయి. అక్క చేతిరాత. పొడుగాయన పేరు, కోర్టు అధ్యక్షురాలి పేరు, కేసు నంబరు, నా పేరు.

నా పేరు కూడా.

నేను చూడ్డం అక్క చూసింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చెప్పింది. మతిమరుపు మొదలై ఏడాదిన్నర అయిందట. డాక్టర్ దగ్గరికి తను వేరే పేరుతో తీసుకెళ్ళిందట. రోజూ పొద్దున్నే కేసంతా ఆయనకి చదివి వినిపిస్తుందట. ఏప్రిల్ నాలుగున గదిలో విన్నది ఆ పొద్దుటి పాఠమేనా? అడగలేదు.

రెండు నెలలు ఓపిక పట్టమంది. తీర్పు చదివేసి సొంతూరు వెళ్ళిపోతారట. కుర్చీలోంచి ఒకసారి లాగేశారు, రెండోసారి లాగొద్దంది. చేతులు పట్టుకుంది.

అప్పుడు అంది.

"నువ్వు ఎటంటే ఆయన అటేనే. నీక్కావల్సిందీ అదేగా."

ఏప్రిల్ 13, ఉదయం 6

లెక్క చూసుకుంటున్నాను. లాయర్‌గా ఉన్న రోజుల్లో చేసినట్టు, అటు ఒక వాదన, ఇటు ఒక వాదన.

చెబితే: సార్‌ని తప్పిస్తారు. ఎవరైనా తప్పుకుంటే ఆ చోట కూర్చోవడానికి ఉండాల్సిన రిజర్వు జడ్జిని, ఖర్చు దండగని మా బెంచీకి వెయ్యలేదు. కొత్త జడ్జి మధ్యలో వచ్చి కూర్చోవాలంటే ముద్దాయి ఒప్పుకోవాలి. కమాండర్ ఎందుకు ఒప్పుకుంటాడు? విచారణ మళ్ళీ మొదటి నుంచి. సాక్షులందరూ మళ్ళీ రావాలి. కొందరు చచ్చిపోయారు. కొందరికి మళ్ళీ చెప్పే ఓపిక లేదు. ఇన్నేళ్ళు జైల్లో ఉంచారు, ఇక వదలండి అని లాయర్ అడుగుతాడు. వదులుతారు.

చెప్పకపోతే: తీర్పు వస్తుంది. నేను నమ్మిన తీర్పు. ఆ వార్డు తలుపు దగ్గర గోళ్ళ గీతల ఫొటోలు చూశాను. వాళ్ళ పక్షాన రెండు ఓట్లు.

రెండూ నావే.

ఏప్రిల్ 15

మా ఆయన ఏమీ అడగడు. రైల్వేలో సిగ్నళ్ళ ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఎర్రలైటు పడితే ఆగాలని తెలిసిన మనిషి. కానీ ఈ రోజు కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, ఉప్పు బాగానే సరిపోయింది, కారం కూడా వెయ్యాల్సింది అన్నాడు. నేను పంచదార బదులు ఉప్పు వేశాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను.

ఏం జరిగిందో చెప్పొద్దన్నాడు. ఒక్కటే అడిగాడు. ఎవరికైనా చెడు జరగకుండా దారి ఏదైనా ఉందా అని. లేదన్నాను. అయితే ఇక దారి వెతకడం మానెయ్, నిద్రైనా పడుతుంది అన్నాడు.

నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 19, ఉదయం 8

సార్‌తో మాట్లాడాను.

కావాలనే పొద్దున్నే వెళ్ళాను. కోర్టు వెనక పార్కింగ్ పక్కన ఒక సిమెంటు బెంచీ ఉంది. చలి. మా ఇద్దరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక అదీ ఇదీ మాట్లాడుతున్నాను. ఆయనే ఆపారు.

"అక్క చెప్పిందా?"

"నేనే చూశాను సార్."

ఆయన తల ఊపారు.

"పొద్దున పూట బానే ఉంటానమ్మా. తీర్పు పొద్దున పూటే రాద్దాం."

ఆయన వాదన మొదలుపెట్టారు. మంచి వాదన. సాక్ష్యాలన్నీ కాగితం మీద ఉన్నాయి. చదువుతున్నాను. చదివి అర్థం చేసుకోగలుగుతున్నాను. అప్పీలు కోర్టు జడ్జి సాక్షిని చూస్తాడా? కాగితం చూసే కదా తీర్పిస్తాడు? నేనూ అలాంటి జడ్జినే అనుకోమన్నారు.

ఆయన చెబుతుంటే ఒప్పుకోవాలనిపించింది. భగవంతుడా, ఎంత ఒప్పుకోవాలనిపించిందో.

"ఆ నర్సు ముఖం గుర్తుందా సార్?" అని అడిగాను.

ఆయన ప్రయత్నించారు. కళ్ళు మూసుకుని వెతుక్కున్నారు. కావాలంటే ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. నడివయసు, సన్నగా, జుట్టు ముడి. ఎవరికైనా సరిపోతుంది. చెప్పలేదు.

"లేదు" అన్నారు.

తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసి, సోమవారం అధ్యక్షురాలికి తనే చెబుతానన్నారు. నువ్వు చెప్పొద్దు, నా నోటితో నన్ను చెప్పనీ అన్నారు. సరేనన్నాను. నడిచి వెళ్తుంటే వీపు నిటారుగా ఉంది. ఇంత పెద్దమనిషి దగ్గర పని నేర్చుకున్నానని గర్వపడ్డాను.

ఏప్రిల్ 21

సోమవారం. సార్ పదింటికి వచ్చారు. పలకరించారు. కూర్చుని, డ్రాఫ్టు ఎక్కడి దాకా వచ్చిందని అడిగారు.

అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళలేదు.

మర్చిపోయారా? మర్చిపోయినట్టు ఉన్నారా? ఇన్నేళ్ళు సాక్షుల ముఖాలు చదివి బతికాను. ఆయన ముఖం చదవలేకపోయాను.

ఏప్రిల్ 23

ఈ రోజు కూడా లేదు. సాయంత్రం కారిడార్లో నా భుజం తట్టి అన్నారు.

"నువ్వు రాసెయ్ తల్లీ. నేను సంతకం పెడతాను."

ఏప్రిల్ 24

చెప్పేశాను.

అధ్యక్షురాలి గదిలో రెండు కుర్చీలు, ఒక మొక్క. ఆవిడ ఈ కోర్టుకంతటికీ పెద్ద. మంచి మనిషే, కానీ ఈ ఏడాది బడ్జెట్ కోసం తిరగని గుమ్మం లేదు. నేను చెబుతున్నంతసేపూ మొక్క ఆకుల మీద దుమ్ము తుడుస్తూ ఉంది. అలసట కావచ్చు కదా అంది. ఈ వయసులో అందరూ పేర్లు మర్చిపోతారంది. ఇది బయటపడితే కోర్టునే మూసెయ్యమనేవాళ్ళు కాచుకుని ఉన్నారంది. అన్నీ నిజమే. చివరికి గొంతు తగ్గించి, ఓట్లు ఎలా ఉన్నాయో నన్ను అడగకూడదు కాబట్టి అడగను, కానీ మీరు అనుకున్న తీర్పు రావడం లేదని వచ్చారా అంది.

"వస్తోందనే వచ్చాను" అన్నాను.

ఆవిడ గుడ్డ కింద పెట్టింది. రాసివ్వమంది. అక్కడే కూర్చుని రాసిచ్చాను. నా సంతకం ఎవరిదో సంతకంలా ఉంది.

ఏప్రిల్ 25

సార్‌కి కబురు వెళ్ళింది. డాక్టర్లు చూడాలన్నారు. లిఫ్ట్ దగ్గర ఎదురుపడ్డారు. ముఖం పాలిపోయి ఉంది.

"నాకో మాట చెప్పొచ్చు కదమ్మా. నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి."

ఆయనకి ఆ సిమెంటు బెంచీ గుర్తులేదు. నేను చెప్పాను సార్ అనబోయాను. అంటే ఏమవుతుంది? తన మాట మీద తను నిలబడలేదని ఆయనకి తెలుస్తుంది. అంతే కదా అయ్యేది.

క్షమించండి సార్ అన్నాను. లిఫ్ట్ వచ్చింది. ఆయన ఎక్కారు. నేను మెట్ల మీద దిగాను.

మే 4

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మే 6

ఎత్తింది. నా కొడుకు చేసుంటే వాణ్ణి ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు, నువ్వు కూతురివైపోయావు, ఏం చెయ్యను అంది. పెట్టేసింది. ఆవిడకి పిల్లల్లేరు.

మే 17

డాక్టర్ల పరీక్షలు పూర్తికాకముందే సార్ రాజీనామా ఇచ్చారు. అనారోగ్య కారణాలు అని ప్రకటన.

పొడుగాయన నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చలికాలం నుంచీ తనకి తెలుసన్నాడు. చెబుదామని రెండుసార్లు అధ్యక్షురాలి గది దాకా వెళ్ళి తిరిగొచ్చాడట. తను చెబితే కమాండర్‌ని కాపాడ్డానికి చెప్పాడంటారని భయపడ్డాడట. మీరు చెబితే ఆ మాట ఎవరూ అనలేరు, అందుకే మీ కోసం ఎదురుచూశాను, అది పిరికితనమే అన్నాడు. నేను కోప్పడదామనుకున్నాను. నాలో అంత శక్తి లేదు.

జూన్ 11

కమాండర్ కొత్త జడ్జికి ఒప్పుకోలేదు. బెంచీ రద్దు. విచారణ మళ్ళీ మొదటి నుంచి, వేరే ముగ్గురి ముందు. నేను ఒక అభిప్రాయానికి వచ్చేశాను కాబట్టి నాకు అందులో చోటు లేదు. అదీ సబబే.

జూన్ 20

విచారణ మొదలవగానే తిరిగి రావాలన్న షరతు మీద కమాండర్‌ని వదిలారు. విమానాశ్రయంలో ఫొటో. చేతిలో పూలగుత్తి. నవ్వుతున్నాడు.

మా దేశం పేపర్లలో ఒకటి నేను సైన్యానికి అమ్ముడుపోయానని రాసింది. ఇంకొకటి పెద్ద జడ్జి కుర్చీ కోసం గురువుని పొడిచానని రాసింది. మా ఆడపడుచు ఫోన్ చేసి, మన ఇంటి గేటు మీద నల్ల పెయింటు పోశారని చెప్పింది. కుక్కని కూడా ఏమైనా చేస్తారేమోనని వాళ్ళింటికి తీసుకెళ్ళిందట. చివర్లో, వదినా, వాళ్ళు రాసేది నిజం కాదు కదా అంది.

సొంత ఆడపడుచు.

జూన్ 30

వార్డులో తల్లి చచ్చిపోయిన ఒకతను వారంగా కోర్టు గేటు ముందు నిలబడుతున్నాడు. అరవడం లేదు, బోర్డు పట్టుకోలేదు. నా కారు వెళ్ళినప్పుడు తల తిప్పి చూస్తాడు. అంతే. మొదటి రోజే డ్రైవర్, రేపటి నుంచి వెనక గేటు నుంచి వెళ్దామన్నాడు. వద్దన్నాను. రోజూ ముందు గేటు నుంచే వెళ్ళాను. అతను రోజూ చూశాడు.

నేను చేసింది తప్పయితే? చట్టం బతికింది, సరే. అతనికి ఏం మిగిలింది?

జూలై 8

సాక్షుల్ని చూసుకునే విభాగంలో ఒక అధికారి ఉంది. ఆవిడే నర్సు ఇంటికి వెళ్ళి విషయం చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ కేసుతో నాకు సంబంధం లేదు కాబట్టి చెప్పొచ్చని, క్యాంటీన్ క్యూలో నిలబడి చెప్పింది.

నర్సు తలుపు సగమే తీసిందట. విచారణ మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ రావాలంటే, రానందట. ఒక్కసారి చచ్చాను, చాలంది. అధికారి ఇక తిరిగి వెళ్ళబోతూ, ఎందుకు ఆగిందో చెప్పిందట. పెద్ద జడ్జిగారికి మతిమరుపు జబ్బు, మీరు చెప్పింది ఆయనకి గుర్తులేదు, అందుకే రెండోసారి అడిగారని.

నర్సు తలుపు పూర్తిగా తీసిందట.

"అంటే నమ్మక కాదా అడిగింది?"

కాదని చెప్పిందట. ఆవిడ గడప మీద కూలబడిపోయిందట. తను ఏదో తప్పు చెప్పానని, తన వల్లే వాళ్ళందరికీ న్యాయం జరగదని అన్ని నెలలూ నిద్రపోలేదట. కర్టెన్, రేడియో, కర్టెన్, రేడియో అనుకుంటూ.

తర్వాత లేచి, ఎప్పుడు రావాలో చెప్పమందట.

నేను ట్రే పట్టుకుని క్యూలో అలాగే నిలబడిపోయాను. వెనకవాళ్ళు ముందుకు జరగమన్నారు.

నవంబర్ 5

సొంత దేశం. పాత హైకోర్టు. గేటుకి కొత్త రంగు వేయించాడు మా ఆయన. కింద నలుపు ఇంకా కనిపిస్తోంది. పొద్దుట నా ముందుకొచ్చిన కేసు ఇద్దరు అన్నదమ్ముల మధ్య గోడ. మధ్యాహ్నం దాకా ఇద్దరూ గోడ గురించే మాట్లాడారు. హాయిగా ఉంది. ఎవరూ చావలేదు.

లాయర్లలో కొందరు లేచి నమస్కారం పెట్టడం మానేశారు. నేను గమనించనట్టు వెళ్తున్నాను.

ఫిబ్రవరి 18

నర్సు మళ్ళీ సాక్ష్యం చెప్పింది. ఇంట్లో కంప్యూటర్‌లో ప్రత్యక్ష ప్రసారం చూశాను. ముఖం కనిపించకుండా చేశారు, గొంతు మార్చారు. అయినా పోల్చుకున్నాను. కర్టెన్ గురించి చెప్పింది. రేడియో గురించి చెప్పింది. లాయర్ పోయినసారి మాటలు తీసి చదివాడు. ఆవిడ తడుముకోలేదు.

"పోయినసారి నాకు భయమేసింది. ఇప్పుడు లేదు. అడగండి."

సెప్టెంబర్ 30

తీర్పు వచ్చింది. ఆసుపత్రి విషయంలో నేరం రుజువైంది. ముగ్గురూ ఒకే మాట. లారీల్లో తీసుకుపోయిన వాళ్ళ విషయంలో సాక్ష్యం చాలదని కొట్టేశారు. వాళ్ళ మనుషులు హాల్లోంచి లేచి వెళ్ళిపోయారు. పూర్తి న్యాయం కాదు. నేనైతే ఎలా రాసేదాన్నో తెలియదు.

గేటు ముందు నిలబడే అతను గుర్తొచ్చాడు. విన్నాడో లేదో.

మా ఆయన కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు. పంచదారే, నేను కలిపాను అన్నాడు.

అక్టోబర్ 13

సార్ ఊరు వెళ్ళాను. రైలు, తర్వాత ఆటో. అక్క తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి జరిగింది.

సార్ వరండాలో పెద్ద కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. నిలబడమన్నారు. నిలబడ్డాను. నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ఒక్క మాట కూడా తడబడలేదు. చెయ్యెత్తి ఆయన వెనకే అన్నాను.

కూర్చోమన్నారు. ముందుకు వంగి నా ముఖం చూశారు. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు, భయపడకండి, మంచినీళ్ళు కావాలా అని అడిగారు.

కావాలన్నాను.